200 లీటర్ల రియాక్టర్‌కి పాత డయల్ కంట్రోలర్ తీసేసి కొత్తది వేయాలి, ఏది తీసుకోమంటారు?

వీరవాసరం పెంకులు | ఆదివారం రాత్రి 9:50

అందరికీ నమస్కారమండీ. మాది వీరవాసరం దగ్గర చిన్న యూనిట్. రొయ్య పెంకుల నుంచి కైటోసాన్ అనే పదార్థం తీస్తాం. నేను ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివాను. పెళ్లయ్యాక కొన్నేళ్లు ఇంట్లోనే ఉండి, తర్వాత మా మరిదితో కలిసి దీన్ని మొదలుపెట్టాను. 2009లో వనామీ రొయ్యకి అనుమతి వచ్చిన దగ్గర్నుంచి మా వైపు చేలన్నీ చెరువులయ్యాయి కదా. పీలింగ్ షెడ్ల వెనక తలకాయలు, పెంకులు గుట్టలు పడేవి. ఎండాకాలం ఆ దారిన బస్సులో వెళ్లినా ముక్కు మూసుకోవాల్సిందే. ఆ గుట్టల్లో పనికొచ్చే సరుకు ఉందని పుస్తకాల్లో చదువుకున్నదాన్ని, చేసి చూపించాలని గట్టిగా అనుకున్నాను.

పని మూడు దశల్లో జరుగుతుంది. ముందు ప్లాస్టిక్ తొట్లలో పలచని హైడ్రోక్లోరిక్ యాసిడ్ పోసి పెంకుల్లోని కాల్షియం తీసేస్తాం. తర్వాత పలచని కాస్టిక్ సోడాలో ఉడికిస్తే మాంసకృత్తులు పోయి కైటిన్ మిగులుతుంది. దాన్ని 45 శాతం కాస్టిక్‌లో 95 డిగ్రీల దగ్గర నాలుగు గంటలు ఉంచితే కైటోసాన్ అవుతుంది. ఈ ఆఖరి దశ జరిగేది రియాక్టర్‌లో. 316 రకం స్టెయిన్‌లెస్ స్టీల్, 200 లీటర్లు, చుట్టూ జాకెట్, జాకెట్‌లో థర్మిక్ ఆయిల్. ఆయిల్‌లో 4 కిలోవాట్ల హీటర్లు మూడు, త్రీ ఫేజ్. మూతకి స్టిర్రర్. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం, కంట్రోలర్ దానితోపాటే వచ్చింది.

సమస్య ఆ కంట్రోలర్ దగ్గరే. పాతకాలపు డయల్ రకం. ముల్లు తిప్పి 95 మీద పెడితే ఎర్ర లైటు, పచ్చ లైటు మారతాయి. అంతకు మించి ఏమీ తెలియదు. లోపల అసలు ఎంత వేడి ఉందో చూపించదు. డయల్ 0 నుంచి 200 వరకు, లేబుల్ మీద సెన్సార్ 'జె' టైప్ అని ఉంది. మొదటి ఏడాదిన్నర బాగానే నడిచింది. ఉగాది తర్వాత తీసిన లాట్లు రెండూ తిరిగొచ్చాయి. కొనేవాళ్లు ఒక శాతం ద్రావణానికి విస్కాసిటీ (చిక్కదనం) 200 సీపీఎస్ పైన అడుగుతారు. మాకెప్పుడూ 240, 260 వచ్చేది. ఈ రెండు లాట్లకీ 110 దాటలేదు. కైటోసాన్ అణువుల పొడవాటి గొలుసు తెగిపోయిందని, అంటే వేడి ఎక్కువైందని నాకు అర్థమైంది. కానీ డయల్ మాత్రం 95 మీదే ఉంది, కదపలేదు.

ఎలక్ట్రీషియన్ వచ్చి చూసి "ఇది పాతబడిపోయిందండీ, డిజిటల్ వేసేద్దాం" అన్నాడు. ప్యానెల్ మొత్తం మార్చడానికి 18 వేలు చెప్పాడు. డబ్బు గురించి కాదు, మూడో లాట్ కూడా పోతే కొనేవాళ్లు మళ్లీ మా ఫోన్ ఎత్తరని టెన్షన్‌గా ఉంది. రాత్రిళ్లు చెరువుల మీద ఏరేటర్లు అన్నీ ఆన్ అయితే మాకు వోల్టేజి 360కి పడిపోతుంది, అదీ చెబుతున్నాను.

వేడిని బట్టి హీటర్లను కొంచెం కొంచెంగా సర్దే పీఐడీ వేయాలా, మామూలు ఆన్-ఆఫ్ చాలా? సెన్సార్ ఉన్నదే వాడొచ్చా? కాంటాక్టర్ అనే మెకానికల్ స్విచ్ ఉంచాలా, కదిలే భాగాలు లేని ఎలక్ట్రానిక్ స్విచ్ ఎస్ఎస్ఆర్‌కి వెళ్లాలా? ఇవి చేసినవాళ్లు దయచేసి చెప్పండి.

గూడెం ప్యానెల్ బోర్డు | ఆదివారం రాత్రి 10:35

నమస్తే మేడమ్ గారూ. నాది తాడేపల్లిగూడెం. రైసు మిల్లులకి, మేత ఫ్యాక్టరీలకి ప్యానెళ్లు కడతాను.

పీఐడీయే తీసుకోండి. ఇప్పుడు ఆన్-ఆఫ్‌కీ దానికీ ధరలో పెద్ద తేడా లేదు. 96 × 96 సైజు తీసుకుంటే అంకెలు దూరానికి కూడా కనిపిస్తాయి. దానికి ప్యానెల్‌లో కన్నం 92 × 92 ఎంఎం కావాలి. మీ పాతది బహుశా 144 సైజు అయి ఉంటుంది, దాని కన్నం 138. అలాంటప్పుడు 3 ఎంఎం అల్యూమినియం రేకు కోసి, పాత కన్నం మీద బిగించి, అందులో 92 కన్నం కొట్టుకుంటే సరిపోతుంది. దీనికోసం ప్యానెల్ మొత్తం మార్చక్కర్లేదు. కొత్త వాటిలో చాలావరకు 90 నుంచి 270 వోల్టుల వరకు తట్టుకుంటాయి, కంట్రోలర్‌కి వెళ్లేది సింగిల్ ఫేజే కాబట్టి మీ వోల్టేజికి కంట్రోలర్ ఆగదు. హీటర్లకి మాత్రం తేడా వస్తుంది. 415 ఉండాల్సింది 360 అయితే పవర్ మూడొంతులే మిగులుతుంది, 12 కిలోవాట్లు 9 అవుతాయి. రాత్రి లాట్ ఆలస్యంగా వేడెక్కుతుంది అంతే.

12 కిలోవాట్లంటే ఫేజుకి సుమారు 17 ఆంపియర్లు. నా ఓటు ఎస్ఎస్ఆర్‌కే. ఫేజుకి ఒక 40 ఆంపియర్లది, మంచి హీట్ సింక్ మీద. చప్పుడు లేదు, కాంటాక్టులు కాలడం లేదు.

సెన్సార్ లేబుల్ మీద జె అని ఉందన్నారు కదా, కొత్త కంట్రోలర్ సెట్టింగ్‌లో కూడా జె పెట్టేసుకుంటే ఉన్న సెన్సారే పని చేస్తుంది. దాన్ని మార్చే ఖర్చు అనవసరం.

పాత ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్ | సోమవారం ఉదయం 6:10

అమ్మా, నేను ఎరువుల ఫ్యాక్టరీలో ఇన్‌స్ట్రుమెంట్ షాపులో పని చేసి రిటైరయ్యాను. ఇప్పుడు అమలాపురం దగ్గర మా ఊళ్లో ఉంటున్నాను. కంట్రోలర్ కొనే ముందు ఒక్క మాటకు జవాబు చెప్పండి. ఏడాదిన్నర బాగా నడిచి ఉగాది తర్వాత చెడిపోయిందన్నారు. ఆ మధ్యలో రియాక్టర్ దగ్గర ఏం మార్చారు? స్టిర్రర్, ఆయిల్, వైరు, సెన్సార్, ఏదైనా సరే. పాతబడిన కంట్రోలర్ ఇవాళ కొంచెం, రేపు కొంచెం తప్పు చూపిస్తుంది. ఉన్నట్టుండి ఇంత తేడా వచ్చిందంటే ఎవరో ఏదో ముట్టుకున్నారని నా అనుమానం.

పైన గూడెం తమ్ముడు చెప్పిన కన్నాల లెక్కలన్నీ సరైనవే. కానీ లేబుల్ చూసి జె పెట్టేయమన్న మాట దగ్గర మాత్రం ఆగాలి. లేబుల్ కంట్రోలర్‌కి సంబంధించినది. రియాక్టర్ పాకెట్‌లో (సెన్సార్ దూర్చే గొట్టంలో) ఇప్పుడున్న సెన్సార్ ఏమిటో దానికి తెలియదు.

ఈ సెన్సార్లు థర్మోకపుల్స్, రెండు రకాల లోహపు తీగలు కలిసిన కొన వేడిని బట్టి చిన్న వోల్టేజి పుడుతుంది. జె అంటే ఒక తీగ ఇనుము, ఇంకోటి కాన్‌స్టాంటన్. కె అంటే క్రోమెల్, అల్యూమెల్ అనే లోహ మిశ్రమాలు. చల్లని కొన, అంటే కంట్రోలర్ వైపు కొన, సున్నా దగ్గర ఉంటే 100 డిగ్రీలకు జె 5.27 మిల్లీవోల్టులు ఇస్తుంది, కె 4.10 మాత్రమే ఇస్తుంది. జె కోసం తయారైన కంట్రోలర్‌కి కె సెన్సార్ తగిలిస్తే, పాపం అది తక్కువ వోల్టేజి చూసి ఇంకా వేడెక్కలేదనుకుని హీటర్లను తోలుతూనే ఉంటుంది. ఇందులో మోసమేమిటంటే, గది వేడిలో రెండు సెన్సార్లూ సరిగ్గానే చూపిస్తాయి. సెన్సార్ కొనా, కంట్రోలర్ వెనక టెర్మినలూ ఒకే వేడిలో ఉంటే పుట్టే వోల్టేజి సున్నా కాబట్టి, ఏ రకమైనా గది టెంపరేచరే కనిపిస్తుంది. బిగించిన రోజు చూసుకున్నవాడికి అంతా బాగున్నట్టే ఉంటుంది. పైకి పోయే కొద్దీ తేడా పెరుగుతుంది.

కాబట్టి రెండు పరీక్షలు చేయండి. మెయిన్ ఆఫ్ చేసి సెన్సార్ తలకాయ మూత విప్పండి. రెండు తీగలు కనిపిస్తాయి. ఫ్రిజ్ మీద అంటించే అయస్కాంతం పెట్టి చూడండి. ప్లస్ తీగకు గట్టిగా అంటుకుంటే అది ఇనుము, జె. మైనస్ తీగకు మెల్లిగా లాగితే అది అల్యూమెల్, కె. టెర్మినల్ స్క్రూలు ఇనుపవి అయితే వాటికీ అంటుకుంటుంది, పొరబడకండి. తీగ మీదే పెట్టి చూడాలి.

రెండోది ఐసు, మరిగే నీళ్లు. సెన్సార్‌ను పాకెట్‌లోంచి బయటకు తీయండి. మీకు ఐసు కొదవేముంది, రొయ్యలకు వాడే దిమ్మలోంచి చిన్న ముక్క కొట్టి తెచ్చుకోవచ్చు. అయితే ఉప్పు తగలని ఐసు కావాలి, ఉప్పుంటే సున్నా కంటే కిందకు పోతుంది. మంచినీళ్లతో కడిగి, నలగ్గొట్టి, ఫ్లాస్కులో నింపి, సందులు నిండేటంత మంచినీళ్లు పోయండి. పది నిమిషాలు సెన్సార్ అందులో ఉంచండి. మీ కంట్రోలర్ అంకె చూపించదు కాబట్టి డయల్ మెల్లగా తిప్పుతూ లైటు ఎక్కడ మారుతుందో అక్కడి అంకె రాసుకోండి. తర్వాత లోతైన గిన్నెలో నీళ్లు మరిగించి, సెన్సార్ అడుక్కి తగలకుండా వేలాడదీసి మళ్లీ చూడండి. మన డెల్టా దాదాపు సముద్రమట్టంలోనే ఉంది, మన దగ్గర నీళ్లు నూరు దగ్గరే మరుగుతాయి. కొండల మీద ఉన్నవాళ్లకు లేని సౌకర్యం ఇది.

ఈ రెండు అంకెలూ ఇక్కడ రాయండి. అప్పటిదాకా లాట్ వేయకండి.

ఇంకో మాట. మీ ప్యానెల్ యాసిడ్ తొట్లకు ఎంత దూరంలో ఉంది?

వీరవాసరం పెంకులు | సోమవారం రాత్రి 8:20

మాస్టారూ, మీరు అడిగింది చదవగానే గుండె ఝల్లుమంది. శివరాత్రికి ముందు సెన్సార్ తీగ తెగిపోయి హీటర్లు అసలు ఆన్ కాలేదు. మా మరిది పాతది చేత్తో పట్టుకుని షాపుకి వెళ్లి "ఇదే పొడవు, ఇదే లావు" అని చూపించి కొత్తది తెచ్చాడు. అప్పుడు నేను పిల్లాడి జ్వరంతో పుట్టింట్లో ఉన్నాను. తప్పు మరిదిది కాదు. జె, కె అనేవి రెండు రకాలున్నాయని మా ఇద్దరిలో ఎవరమూ అప్పుడు ఆలోచించలేదు.

అయస్కాంతం ప్లస్ తీగకు అసలు అంటుకోలేదు. మైనస్ తీగను మెల్లిగా లాగింది.

ఐసులో లైటు మారిన చోటు: డయల్ మీద 7.
మరిగే నీళ్లలో: 85. రెండుసార్లు చూశాను, రెండోసారి 84కీ 85కీ మధ్య.
గది వేడి 32, డయల్ కూడా 32 దగ్గరే మారింది. మీరు చెప్పినట్టే.

ప్యానెల్ యాసిడ్ తొట్లకు పది అడుగుల దూరంలో ఉందండీ. మూత తీసి చూస్తే లోపల రాగి టెర్మినళ్లన్నీ పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి.

పాత ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్ | సోమవారం రాత్రి 9:05

సెన్సార్ కె, కంట్రోలర్ జె. మీ అంకెలు టేబుల్‌తో అచ్చంగా కలిశాయి. ఆ లెక్కన డయల్ 95 మీద ఉంటే లోపల సుమారు 113 డిగ్రీల దాకా వెళ్లింది. ఆన్-ఆఫ్ కాబట్టి దాని మీద ఇంకొంత ఎగిరి ఉంటుంది. ఆ ముసలి కంట్రోలర్ తన పని తాను సరిగ్గానే చేసింది తల్లీ. కొత్త డిజిటల్ పెట్టి, లేబుల్ చూసి జె అని సెట్ చేసి ఉంటే, స్క్రీన్ మీద 95.0 అని అందంగా కనిపిస్తూ ఇదే 113లో మీ మూడో లాట్ కూడా ఉడికిపోయేది. అంకె కనిపిస్తోంది కదా అని మీరు ఇంకా గట్టిగా నమ్మేవారు.

అయినా కొత్తది వేయండి. అసలు టెంపరేచర్ కళ్లకు కనిపించకుండా ఇలాంటి పని చేయకూడదు. సెన్సార్ మాత్రం ఈసారి పీటీ-100 వేయమంటాను, వేడిని బట్టి ప్లాటినం నిరోధం మారడాన్ని కొలిచేది, మూడు తీగలది. రెండు ఎర్రవి, ఒకటి తెల్లది ఉంటాయి. 0 దగ్గర 100 ఓమ్‌లు, 100 డిగ్రీల దగ్గర 138.5. షాపులోనే మల్టీమీటరు పెట్టి చూసుకోవచ్చు, 32 డిగ్రీల గదిలో ఎర్రకూ తెల్లకూ మధ్య 112 చిల్లర చూపించాలి. రెండు తీగలది కొనవద్దు. వైరులో ఒక ఓమ్ ఎక్కువైతే రెండున్నర డిగ్రీల తప్పు వస్తుంది, చిలుము పట్టే చోట ఓమ్ ఎక్కువ కావడం ఎంతసేపు? 200 డిగ్రీల లోపు పనికి ఇదే నమ్మకం, థర్మోకపుల్‌కి కావాల్సిన ప్రత్యేక కాంపెన్సేటింగ్ కేబుల్ గొడవ కూడా ఉండదు.

సెన్సార్ కొన పాకెట్ అడుగుకు తగిలేలా దించి, పాకెట్‌లో కొంచెం థర్మిక్ ఆయిల్ పోయండి. గాలి సందు ఉంటే సెన్సార్‌కి కబురు ఆలస్యంగా అందుతుంది.

కాకినాడ ప్రాసెస్ | మంగళవారం ఉదయం 7:40

రెండు రోజులుగా చదువుతున్నానండీ. నేను బల్క్ డ్రగ్ రియాక్టర్ల మీద పని చేస్తాను. సెన్సార్ సంగతి మాస్టారు తేల్చేశారు. ఇద్దరూ ముట్టుకోనిది ఒకటుంది, అది విస్కాసిటీ కంటే పెద్దది.

45 శాతం కాస్టిక్, 316 స్టీల్, 113 డిగ్రీలు. ఈ మూడూ కలిసి ఉండకూడదు. గట్టి కాస్టిక్‌లో వేడి నూరు డిగ్రీలు దాటే కొద్దీ ఈ స్టీలుకు వెల్డింగుల దగ్గర సన్నని పగుళ్లు వచ్చే ప్రమాదం పెరుగుతుంది. కాస్టిక్ క్రాకింగ్ అంటారు. పైకి తుప్పు కనిపించదు, రేకు పలచబడదు, ఒకరోజు పగులుతుంది. మీరు 95 దగ్గర చేస్తున్నదే అంచు మీద పని. రెండు లాట్లు ఎనిమిది గంటలు కావచ్చు, అయినా మళ్లీ కాస్టిక్ పోసే ముందు లోపలి వెల్డింగులకు, ముఖ్యంగా అడుగు నాజిల్ చుట్టూ, డై పెనెట్రెంట్ టెస్ట్ చేయించండి. ఎర్ర రంగు పూసి, తుడిచి, తెల్ల డెవలపర్ కొడితే పగులు ఉన్నచోట ఎర్ర గీత తేలుతుంది. వెల్డింగు తనిఖీ చేసేవాళ్ల దగ్గర ఈ స్ప్రేలు ఉంటాయి, ఒక పూట పని. దీన్ని వాయిదా వేయకండి. వేడి గట్టి కాస్టిక్ ఒక చుక్క కంట్లో పడితే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇక కంట్రోల్ గురించి. మీ జాకెట్ ఆయిల్‌కి సొంతంగా పోగేసుకున్న వేడి ఉంటుంది. లోపల 90 ఉన్నప్పుడు ఆయిల్ 140 ఉండొచ్చు. అప్పుడు హీటర్లు ఆపినా లోపలిది పెరుగుతూనే పోతుంది. ఎంత మంచి పీఐడీ అయినా ఒక్క సెన్సార్‌తో దీన్ని పట్టుకోవడం కష్టం. పెద్ద ప్లాంట్లలో క్యాస్కేడ్ అని, లోపలి కంట్రోలర్ ఆయిల్ కంట్రోలర్‌కి ఎంత వేడి కావాలో చెబుతూ ఉంటుంది. మీకు అంత అవసరం లేదు. ఆయిల్‌లో రెండో పీటీ-100, దానికి చిన్న ఆన్-ఆఫ్ కంట్రోలర్, 115 మీద సెట్ చేయండి. దాని కాంటాక్టును మొదటిదానితో సిరీస్‌లో వేస్తే రెండూ ఒప్పుకుంటేనే హీటర్లు ఆన్ అవుతాయి. వేడెక్కడానికి ఇంకో అరగంట ఎక్కువ పట్టొచ్చు, ఎగరడం మాత్రం బాగా తగ్గుతుంది.

ఈ రెండింటితో సంబంధం లేకుండా మూడోది కావాలి: హై లిమిట్, అంటే వేడి హద్దు దాటితే హీటర్లను ఆపేసేది. సొంత సెన్సార్, సొంత కాంటాక్టర్, ఒకసారి పడిపోతే మనిషి వెళ్లి బటన్ నొక్కేదాకా తిరిగి రాకూడదు. ఎస్ఎస్ఆర్ చెడిపోయినప్పుడు ఎక్కువసార్లు ఆన్‌లోనే ఉండిపోతుంది. కంట్రోలర్ ఆపమన్నా అది ఆపదు. అందుకే పైన మెకానికల్ కాంటాక్టర్ ఉండి తీరాలి. స్టిర్రర్ ఆగితే హీటర్లు ఆగేలా ఒక ఇంటర్‌లాక్, ఆయిల్ మట్టం తగ్గితే ఆగేలా ఫ్లోట్ స్విచ్ కూడా పెట్టించండి. స్టిర్రర్ ఆగితే పెంకు అడుక్కి దిగిపోతుంది, సెన్సార్ దగ్గర 95, జాకెట్ గోడ దగ్గర వేరే లెక్క.

ప్యానెల్‌ను అక్కణ్నుంచి తీసేయండి. యాసిడ్ ఆవిరి ఎలక్ట్రానిక్స్‌ని ఏడాది బతకనివ్వదు. గోడకు అవతలి వైపు, గాలి వచ్చే వైపు పెట్టండి.

గూడెం ప్యానెల్ బోర్డు | మంగళవారం మధ్యాహ్నం 2:15

మాస్టారూ, లేబుల్ చూసి చెప్పడం నా పొరపాటే. ఇకనుంచి ఎక్కడికి వెళ్లినా ముందు అయస్కాంతం తీస్తాను.

యాసిడ్ గాలి సంగతి విన్నాక ఎస్ఎస్ఆర్ మాట కూడా వెనక్కి తీసుకుంటున్నాను మేడమ్ గారూ. మూడు ఎస్ఎస్ఆర్‌లు కలిపి 60 వాట్ల దాకా వేడి వదులుతాయి, దానికి ప్యానెల్‌కి ఫ్యాను, కన్నాలు పెట్టాలి. కన్నాలు పెడితే మీ గాలి లోపలికి వస్తుంది. కాంటాక్టరే ఉంచండి, ప్యానెల్‌ను రబ్బరు గ్యాస్కెట్‌తో మూసేయొచ్చు. ఆయిల్ జాకెట్ నెమ్మదిగా కదిలే వ్యవహారం కాబట్టి సైకిల్ టైమ్ (ఒకసారి ఆన్-ఆఫ్ అయ్యే వ్యవధి) 30 సెకన్లు పెట్టినా ఏమీ కాదు. ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడు కొన్నిటికి 2 సెకన్లు ఉంటుంది, అది ఎస్ఎస్ఆర్ కోసం. మార్చకపోతే కాంటాక్టర్ టకటకమని కొట్టుకుని పోతుంది. 30 సెకన్లయితే ఆరు గంటల లాట్‌కి 720 సార్లు, వారానికి రెండు లాట్లకి ఏడాదికి 70 వేల పైచిలుకు. సరైన సైజు వేస్తే ఏళ్ల తరబడి వస్తుంది. కాంటాక్టర్ కాయిల్ మీద స్నబ్బర్ (కాయిల్ ఆగినప్పుడు ఎగిరే వోల్టేజిని అణిచే చిన్న భాగం) తగిలించండి.

ఆటో ట్యూన్, అంటే కంట్రోలర్ తన సెట్టింగులు తనే సర్దుకోవడం, నీళ్లు పోసి చేయండి, 95 దగ్గర మాత్రం వద్దు. సెట్ పాయింట్ చుట్టూ కావాలనే పైకీ కిందకీ ఊపుతుంది, నీళ్లు మరిగిపోతాయి. 80 దగ్గర చాలు.

వీరవాసరం పెంకులు | 18 రోజుల తర్వాత, శనివారం రాత్రి 10:10

అందరికీ చెప్పి తీరాలని ఇవాళ కూర్చున్నాను. ఆలస్యమైంది, క్షమించండి. పని అయ్యాకే రాయాలనుకున్నాను.

మొదట పెనెట్రెంట్ టెస్ట్. నిజం చెప్పాలంటే ఆ రోజు పొద్దున్న నేను అన్నం తినలేదు. అడుగు నాజిల్ వెల్డింగు దగ్గర ఒకచోట ఎర్ర గీత తేలింది, అంగుళంలో నాలుగో వంతు. పై వెల్డింగులన్నీ శుభ్రంగా ఉన్నాయి. అది ఈ రెండు లాట్లలో వచ్చిందా, మేము కొనేటప్పటికే ఉందా అన్నది చూసినాయన తేల్చి చెప్పలేకపోయారు. ఆ చోటు గ్రైండ్ చేసి, మళ్లీ వెల్డ్ చేసి, మళ్లీ టెస్ట్ చేశాక గీత రాలేదు. కాకినాడ వారూ, మీరు ఆ మాట రాయకపోతే మేము కంట్రోలర్ మార్చుకుని సంతోషంగా కాస్టిక్ పోసేవాళ్లం. ఆ నాజిల్ కింద రోజూ నిలబడేది మా దగ్గర పని చేసే ఆడమనుషులు ఇద్దరు. మీకు ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు.

ప్యానెల్‌ను గోడ అవతలికి, వరండాలోకి మార్చాం. టెర్మినళ్లన్నీ కొత్తవి. పీఐడీ, ఆయిల్‌కి చిన్న కంట్రోలర్, హై లిమిట్ 102 మీద. మూడు సెన్సార్లూ మూడు తీగల పీటీ-100లే, మూడింటినీ ఐసులో, మరిగే నీళ్లలో చూశాకే బిగించాం. ఒకటి మరిగే నీళ్లలో 98.6 చూపించింది, షాపులో మార్చి ఇచ్చారు. ఒక్కో సెన్సార్ తీగ విప్పి చూశాను. సెన్సార్ తెగితే హీటర్లు ఆగుతున్నాయి. హై లిమిట్‌ను కూడా సెట్టింగ్ కావాలని కిందకు దించి పరీక్షించాం, పడిపోయి, బటన్ నొక్కేదాకా రాలేదు.

నీళ్లతో 80 దగ్గర ఆటో ట్యూన్ చేస్తే 84 దాకా ఎగిరింది. తర్వాత కాస్టిక్‌తో మొదటి లాట్. వేడెక్కడానికి రెండు గంటల ఇరవై నిమిషాలు పట్టింది, ఇంతకుముందు గంటన్నర పట్టేది. 95 దాటి 96.3 దాకా వెళ్లి వెనక్కి వచ్చింది. రాత్రి ఏడున్నరకి ఏరేటర్లు ఆన్ అయి వోల్టేజి పడినప్పుడు 94.4కి దిగి మళ్లీ ఎక్కింది. మధ్యలో పన్నెండు నిమిషాలు కరెంటు పోయింది. టెంపరేచర్ 93 కంటే తగ్గితే టైమర్ ఆగేలా ఒక సెట్టింగ్ ఉంది, దాన్ని ముందే ఆన్ చేసి ఉంచాను. అందుకని నాలుగు గంటలూ పూర్తిగా వచ్చాయి. నేను ప్రతి పది నిమిషాలకీ పుస్తకంలో అంకె రాసుకుంటూ అక్కడే కూర్చున్నాను. రెండేళ్లుగా నడుపుతున్న రియాక్టర్ లోపల ఏం జరుగుతోందో నాకు కళ్లారా తెలిసిన మొదటి రాత్రి అది.

విస్కాసిటీ 252.

తిరిగొచ్చిన లాట్ల గురించి కూడా చెబుతాను. కొనేవాళ్లకు ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పాను, సెన్సార్ తప్పు రకం వేశామని. కొత్త లాట్ శాంపిల్ పంపమన్నారు. ఆ పాత సరుకు గొలుసు చిన్నది కాబట్టి పైరు మీద కొట్టే మందుల్లో పనికొస్తుంది. అలాంటివాళ్లను వెతుకుతున్నాను, ధర తక్కువే వస్తుంది.

కె సెన్సార్‌ను మరిది పారేయలేదు. దాని తలకాయకు చీటీ కట్టి, దాని మీద 'కె' అని రాసి, వేరే పెట్టెలో పెట్టాడు. కొత్త ప్యానెల్ తలుపు లోపలి వైపు తెల్ల పెయింటుతో పెద్ద అక్షరాల్లో వాడే రాశాడు: పీటీ-100, మూడు తీగలు, పొడవు 300 ఎంఎం, వేసిన తేదీ, మరిగే నీళ్లలో చూపించిన అంకె. కింద ఇంకో వరుస ఖాళీగా వదిలాడు, మళ్లీ మార్చినప్పుడు రాయడానికి.